అగ్రిమెంటు మధ్యలో ఇల్లు ఖాళీ చేయాలంటే: తిరుపతిలో ఏ దారి ఎవరికి నప్పుతుంది

బదిలీ ఆర్డరు చేతికొచ్చింది. అగ్రిమెంటు ఇంకా ఏడు నెలలుంది. ఓనరును అడిగితే, "మీ బదులు ఇంకొకర్ని చూసిపెట్టి పొండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నారు. వినడానికి ఇది సగం పని అయిపోయినట్టే ఉంటుంది. కానీ ఆ "ఇంకొకరు" మీ అగ్రిమెంటులోకి వస్తారా, కొత్త అగ్రిమెంటు రాసుకుంటారా, లేక మీ కింద బాడుగకు ఉంటారా అన్నది తేలకపోతే అసలు పని మొదలు కానట్టే లెక్క. మనిషిని వెతకడం ఈ ఊళ్ళో అంత కష్టం కాదు. మీ పేరు ఆ కాగితం మీద నుంచి పోవడం, మీ అడ్వాన్సు మీకు ముట్టడం, ఈ రెండే కష్టం. కింద చెప్పే దారులన్నిటినీ ఈ రెండింటితోనే తూచి చూడండి.

ముందు దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది బాధ్యత. మీరు వెళ్ళిపోయాక కొత్తవాళ్ళు బాడుగ ఎగ్గొట్టినా, గోడ పగలగొట్టినా ఓనరు ఎవర్ని అడుగుతారు? రెండోది అడ్వాన్సు: ఎవరి చేతి నుంచి, ఏ రోజున వస్తుంది? మూడోది, ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల బాడుగ ఎవరి నెత్తిన పడుతుంది? నాలుగోది వేగం, అంటే మీరు ఊరు వదిలే తేదీలోపు తెమిలే పనేనా? ఓనరు స్వభావం ఐదోది. ఆయన పై అంతస్తులోనే ఉంటే ఒక లెక్క, బెంగుళూరులోనో అమెరికాలోనో ఉండి ఫోన్లో మాట్లాడేవారైతే ఇంకో లెక్క.

ఇవి ఆలోచించే ముందు అగ్రిమెంటు కాగితం బయటికి తీయండి. మన దగ్గర ఎక్కువగా వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలలకు రాసుకునేదే ఉంటుంది. అందులో నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి: ఎప్పటి నుంచి ఎప్పటిదాకా, లాక్‌ఇన్ (ఇన్ని నెలలదాకా ఖాళీ చేయకూడదనే షరతు) ఎన్ని నెలలు, నోటీసు ఎన్ని నెలలు, వేరేవాళ్ళకు ఇవ్వరాదు అనే షరతు ఉందా. పెయింటింగు ఖర్చు ఎవరిదన్నది కూడా అక్కడే ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది.

తేదీలు చూసేటప్పుడు చాలామందికి ఒక సంగతి బయటపడుతుంది. రాసుకున్న పదకొండు నెలలు ఎప్పుడో అయిపోయి ఉంటాయి. మళ్ళీ రాసుకోకుండానే నెలనెలా బాడుగ ఇస్తూ ఉండిపోయి ఉంటారు. అగ్రిమెంటులో వేరే విధంగా రాసుకోకపోతే, అలాంటి ఇల్లు నెలవారీ బాడుగ కిందికి వస్తుంది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 116వ, 106వ సెక్షన్లు కలిపి చదివితే పదిహేను రోజుల నోటీసుతో దాన్ని ముగించుకోవచ్చు. మీది ఈ కోవలోదైతే బదులు మనిషిని వెతికే బరువు అసలు మీ మీద లేదు. మర్యాదగా ఒక నెల ముందు చెప్పి, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఖాళీ చేయండి.

గడువు ఇంకా మిగిలి ఉన్నవాళ్ళ కోసమే కిందిదంతా.

ఉన్న దారులు

*ఒకటి: నోటీసు ఇచ్చి, ఆ నెలల బాడుగ కట్టి వెళ్ళడం.* అన్నిటికంటే శుభ్రమైనది, చాలాసార్లు అన్నిటికంటే ఖరీదైనది కూడా. నోటీసు వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకండి. కాగితం మీద రాసి ఓనరు సంతకం తీసుకోండి, లేదా పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి. నోటీసు గడువు మీరు చెప్పిన రోజు నుంచి కాదు, ఆయనకు అందిన రోజు నుంచి లెక్క. లాక్‌ఇన్ ఉంటే నోటీసు అయిపోయినా లాక్‌ఇన్ పూర్తయ్యేదాకా బాడుగ అడుగుతారు. ఈ రెండింటిలో ఏది ఆలస్యంగా ముగుస్తుందో దాన్నే పట్టుకుని లెక్క వేయండి.

*రెండు: ఒక మొత్తం మాట్లాడుకుని తెగతెంపులు చేసుకోవడం.* ఒక నెల బాడుగో, నెలన్నరో వదులుకుని అదే రోజు తాళాలు ఇచ్చేయడం. అగ్రిమెంటులో "మధ్యలో ఖాళీ చేస్తే అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు" అని ఉన్నా భయపడి మొత్తం వదులుకోనక్కర్లేదు. ఒప్పంద చట్టం, 1872లోని 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత జరిమానా రాసుకున్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారం మాత్రమే వస్తుంది. 73వ సెక్షన్ వివరణ చూస్తే, నష్టం తగ్గించుకునే అవకాశం ఎదుటివారికి ఉందా అన్నది కూడా లెక్కలోకి వస్తుంది. ఇల్లు పది రోజుల్లో మళ్ళీ బాడుగకు పోతే ఆరు నెలల నష్టం ఎక్కడిది? ముప్పై నలభై వేల కోసం కోర్టుకు పోవడం దండగ. ఈ మాటలు మాట్లాడి తేల్చుకోవడానికే, బెదిరించడానికి కాదు.

*మూడు: మీరు చూపించిన మనిషితో ఓనరు కొత్త అగ్రిమెంటు రాసుకోవడం, మీది రద్దు కావడం.* ఎక్కువమంది ఎంచుకోవాల్సింది ఇదే. మీరు మనిషిని చూపిస్తారు. ఓనరు మాట్లాడి, నచ్చితే వాళ్ళతో కొత్త కాగితం రాసుకుంటారు. మీ అగ్రిమెంటు ఫలానా తేదీతో రద్దయినట్టు మీ ఇద్దరూ సంతకాలు పెడతారు. ఆ తర్వాత ఆ ఇంటితో మీకు సంబంధం ఉండదు. కొత్తవాళ్ళకూ ఇదే మేలు, ఎందుకంటే వాళ్ళకు పూర్తి పదకొండు నెలలు దొరుకుతాయి. ఇందులో తిప్పలు పెట్టేది ఒక్కటే, ఓనరు ఇదే అదనుగా బాడుగ పెంచడం. మీరు పన్నెండు వేలని నలుగురికీ చెప్పి మనిషిని తీసుకొస్తే, ఆయన పద్నాలుగు అంటారు. వచ్చినవాళ్ళు వెనక్కి పోతారు, మీ పది రోజులు పోతాయి. కాబట్టి ప్రకటన పెట్టకముందే ఓనరుతో బాడుగ, అడ్వాన్సు, కుటుంబానికేనా బ్యాచిలర్లకూ ఇస్తారా, మాంసాహారం సంగతి, అన్నీ ఖాయం చేసుకుని వాట్సాప్‌లో ఆయన చేత "సరే" అనిపించుకోండి.

*నాలుగు: మిగిలిన నెలలకు మీ అగ్రిమెంటునే కొత్తవాళ్ళ పేరుకు మార్చడం.* చూడ్డానికి మూడోదాని లాగే ఉంటుంది, కానీ కాదు. ఆస్తి బదిలీ చట్టం 108(జె) ఒక మాట స్పష్టంగా చెబుతుంది: బాడుగదారు తన హక్కును ఇంకొకరికి బదిలీ చేసినంత మాత్రాన ఓనరు పట్ల అతని బాధ్యతలు తీరిపోవు. అంటే ఓనరు రాతపూర్వకంగా "ఇక మీరు బాధ్యులు కారు" అని మిమ్మల్ని వదిలిపెడితేనే వదిలినట్టు. ఓనరు కొత్త కాగితం రాయడానికి బద్ధకించి "ఆ పాతదాంట్లోనే పేరు మార్చేద్దాంలే" అంటే, ఆ విడుదల వాక్యం లేకుండా ఒప్పుకోకండి. ఈ దారి నిజంగా పనికొచ్చేది ఒకే సందర్భంలో. అగ్రిమెంటు రెండు మూడేళ్ళకు రిజిస్టరై, బాడుగ ఇప్పటి రేటు కంటే తక్కువగా ఉంటే కొత్తవాళ్ళకు అందులో లాభం. రిజిస్టరైనదైతే మార్పు కూడా సబ్ రిజిస్ట్రారు ఆఫీసులోనే జరగాలి.

*ఐదు: సబ్‌లీజు.* మీరు ఓనరుకు బాడుగ కడుతూనే ఉంటారు, మీకు ఇంకొకరు కడతారు. మూడు నెలలు ట్రైనింగుకు వెళ్ళి తిరిగి వచ్చేవాళ్ళు, ఓనరు ఒప్పుకుంటే చేసుకోవచ్చు. తిరిగి రానివాళ్ళు దీని జోలికి పోకూడదు. మన ఊళ్ళో దీనికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. అలిపిరి దగ్గర, బస్టాండు చుట్టుపక్కల, కపిలతీర్థం రోడ్డు వైపు ఇల్లు తీసుకుని యాత్రికులకు రోజువారీ గదులుగా ఇద్దామనుకునేవాళ్ళు తగలవచ్చు. బాడుగ ఎక్కువిస్తామంటారు, ఇద్దరమే ఉంటామంటారు. తర్వాత పోలీసులు అడిగినా, అపార్టుమెంటు సంఘం గొడవ పెట్టుకున్నా కాగితంలో కనపడేది మీ పేరే.

*ఆరు: భారం ఓనరు మీదో బ్రోకరు మీదో వదిలేయడం.* మీరు ఊళ్ళో లేనప్పుడు తప్పదు. కానీ మీ అడ్వాన్సు చేతిలో ఉన్నంతకాలం ఓనరుకు తొందర ఏముంటుంది? "నెలాఖరులోపు దొరక్కపోతే ఒక నెల బాడుగ మాత్రమే మినహాయించుకోవాలి" అని ముందే హద్దు గీసుకుంటేనే ఈ దారిలోకి దిగండి.

| దారి | వెళ్ళాక మీ బాధ్యత | అడ్వాన్సు | పట్టే సమయం | ఎవరికి |
|---|---|---|---|---|
| నోటీసు, పూర్తి బాడుగ | గడువుతో ముగుస్తుంది | ఓనరు నుంచి, గడువు తర్వాత | నోటీసు లేదా లాక్‌ఇన్ అయ్యేదాకా | గడువు రెండు నెలలలోపే మిగిలినవాళ్ళకు |
| మాట్లాడుకుని తెంచుకోవడం | అదే రోజు ముగుస్తుంది | కొంత పోను మిగిలింది అప్పుడే | రెండు మూడు రోజులు | వెంటనే వెళ్ళాల్సినవాళ్ళకు |
| కొత్త మనిషి, కొత్త అగ్రిమెంటు | రద్దు కాగితంతో ముగుస్తుంది | ఓనరు నుంచి పూర్తిగా | రెండు నుంచి ఐదు వారాలు | ఎక్కువమందికి |
| అగ్రిమెంటు బదిలీ | విడుదల రాయించుకోకపోతే మిగిలే ఉంటుంది | ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాలి | రెండు నుంచి ఐదు వారాలు | దీర్ఘకాల రిజిస్టర్డ్ అగ్రిమెంటుకు |
| సబ్‌లీజు | మొత్తం మీదే | ఓనరు దగ్గరే ఉంటుంది | త్వరగా అవుతుంది | తిరిగి వచ్చేవాళ్ళకు మాత్రమే |
| ఓనరుకో బ్రోకరుకో వదిలేయడం | హద్దు రాసుకోకపోతే మీదే | ఆలస్యమవుతుంది | చెప్పలేం | ఊళ్ళో లేనివాళ్ళకు |

ఒక లెక్క వేసి చూద్దాం

ఎం.ఆర్.పల్లెలో రెండు బెడ్రూముల పోర్షన్ అనుకోండి. బాడుగ 12,000, అడ్వాన్సు 36,000. ఆగస్టు 1 నుంచి పదకొండు నెలలు, అంటే జూన్ 30 దాకా. లాక్‌ఇన్ ఆరు నెలలు, నోటీసు రెండు నెలలు. నవంబరు 10న ఆర్డరు వచ్చింది, నెలాఖరుకు బయలుదేరాలి.

అదే రోజు నోటీసు ఇచ్చినా జనవరి 10కి గానీ పూర్తికాదు, లాక్‌ఇన్ జనవరి 31 దాకా ఉంది. కాబట్టి డిసెంబరు, జనవరి రెండు నెలలకు ఖాళీ ఇంటికి 24,000 కట్టాలి. మాట్లాడి ఒక నెలకు తెంచుకుంటే పోయేది 12,000. కొత్తవాళ్ళు డిసెంబరు 11న దిగితే పది రోజుల బాడుగ 4,000. వాళ్ళను త్వరగా ఒప్పించడానికి బ్రోకరు కమీషనులో 6,000 మీరే పెట్టుకున్నా మొత్తం 10,000తో బయటపడతారు. సబ్‌లీజులో ఈ రోజు ఖర్చు సున్నాలా కనిపిస్తుంది, కానీ జూన్ దాకా ఏడు నెలలకు 84,000 మీ పేరు మీదే వేలాడుతూ ఉంటుంది.

దీన్ని బట్టి ఓనరుతో కూర్చునేటప్పుడు ఒకే దారి పట్టుకుని కూర్చోకండి. రెండు, మూడు కలిపి ఒకేసారి మాట్లాడండి: "డిసెంబరు 15లోపు నేను మనిషిని చూపిస్తే వాళ్ళు దిగేదాకానే బాడుగ ఇస్తాను. దొరక్కపోతే ఒక నెల బాడుగ మినహాయించుకుని మిగతా అడ్వాన్సు ఇచ్చేయండి." ఎక్కడ ఆగుతుందో ఇద్దరికీ ముందే తెలుస్తుంది కాబట్టి దీనికి ఓనర్లు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. కొత్తవాళ్ళకు మీరు ఎంత దాకా ఖర్చు పెట్టవచ్చో కూడా ఈ లెక్కే చెబుతుంది. పైన చెప్పిన ఇంటికి 12,000 దాటి పెడితే మీరు మొదట్లోనే తెంచుకోవడం మేలు.

"చివరి రెండు నెలల బాడుగ అడ్వాన్సులో పట్టుకోండి" అని అడిగేవాళ్ళున్నారు. డబ్బు తిరిగి ఇవ్వడంలో ఓనరు ఇబ్బంది పెడతారన్న అనుమానం ఉన్నప్పుడు అది అర్థం చేసుకోగలిగిందే. కానీ మొత్తం అడ్వాన్సు అలా కరిగిపోతే కరెంటు బిల్లుకూ రిపేర్లకూ ఆయన దగ్గర ఏమీ మిగలదు, అందుకే చాలామంది ఒప్పుకోరు. ఒక నెల పట్టుకోమని, మిగిలింది తాళాలు ఇచ్చే రోజు ఇమ్మని అడిగితే మాట చెల్లుతుంది.

డిసెంబరు 15 ఎందుకంటే

తిరుపతిలో బాడుగల మార్కెట్టు క్యాలెండరు మీద కంటే పంచాంగం మీద ఎక్కువ నడుస్తుంది. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. సంక్రాంతి దాకా చాలా కుటుంబాలు కొత్త ఇంట్లో పాలు పొంగించవు. సంక్రాంతి దాటాక కూడా పుష్యం మిగిలి ఉంటే మాఘం రానిమ్మంటారు. ఆషాఢం, భాద్రపదం కూడా అంతే. శ్రావణం, కార్తీకం, మాఘం, వైశాఖం మంచి అదను. వేసవి సెలవుల చివర, జూన్‌లో బడులు తెరిచే ముందు, పిల్లలున్న కుటుంబాలు ఇళ్ళు మారతాయి. మీరు శూన్యమాసంలో ఖాళీ చేయాల్సి వస్తే రెండు పనులు చేయవచ్చు. ఒకటి, మాసం మొదలయ్యే ముందే కొత్తవాళ్ళు మంచిరోజు చూసి పాలు పొంగించి, సామాను తర్వాత తెచ్చుకునేలా మాట్లాడటం. అప్పుడు ఆ రోజు నుంచే బాడుగ వాళ్ళది. రెండు, ఈ పట్టింపు లేనివాళ్ళను వెతకడం: ఆసుపత్రి సిబ్బంది, విద్యార్థులు, రేణిగుంట వైపు ఫ్యాక్టరీలలో చేసే కుర్రాళ్ళు.

మనిషిని ఎక్కడ వెతకాలి

ఇల్లు ఎక్కడుందో దాన్ని బట్టి. స్విమ్స్, రుయా ఆసుపత్రుల చుట్టుపక్కల ఇల్లయితే నర్సులు, పీజీ డాక్టర్ల గ్రూపుల్లో ఒక్క మెసేజీ చాలు. డ్యూటీలకు నడిచి వెళ్ళే దూరంలో ఇల్లు వాళ్ళకు ఎప్పుడూ కావాలి. ఎస్వీయూ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం దగ్గర బాలాజీ కాలనీ వైపైతే రీసెర్చి స్కాలర్లు, కోచింగు విద్యార్థులు. కె.టి. రోడ్డు, భవానీ నగర్ వైపు దేవస్థానం ఉద్యోగుల కుటుంబాలు అడుగుతుంటాయి. తుమ్మలగుంట, అవిలాల, పేరూరు లాంటి అంచుల్లో ఇల్లయితే టు-లెట్ బోర్డు ఒక్కటే నమ్ముకుంటే కుదరదు, దారిన పోయేవాళ్ళు తక్కువ.

టు-లెట్ బోర్డుకు ఖర్చు లేదు. ఆ వీధి కావాలనుకునేవాళ్ళే ఫోన్ చేస్తారు కాబట్టి పనికొచ్చే ఫోన్లు ఎక్కువ. పనిచేసే చోట, అపార్టుమెంటు గ్రూపులో తెలిసినవాళ్ళ ద్వారా వచ్చే మనిషి మీద ఓనరుకు నమ్మకం త్వరగా కుదురుతుంది. బ్రోకరు వేగంగా చూపిస్తారు. కమీషను సగం నెల నుంచి నెల బాడుగ దాకా ఉంటుంది, ఎవరి నుంచి తీసుకుంటారో ముందే అడగండి. కొందరు ఇద్దరి దగ్గరా తీసుకుంటారు. ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లలో ఫోన్లు చాలా వస్తాయి, మోసాలూ వస్తాయి. మిలిటరీ ఆఫీసరునని, ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్నానని, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపిస్తానని చెప్పి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనే ఫోన్ వస్తే పెట్టేయండి. డబ్బు అందుకోవడానికి స్కానూ పిన్నూ అవసరం లేదు.

మెసేజీలో దాపరికం వద్దు. ఇంటికి వచ్చి చూసి మొహం చిట్లించుకుని పోయే పదిమంది కంటే, అన్నీ తెలిసి వచ్చే ఇద్దరు మేలు. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఎం.ఆర్.పల్లెలో రెండు బెడ్రూముల పోర్షన్, మొదటి అంతస్తు, తూర్పు వాకిలి. బాడుగ 12,000, మెయింటెనెన్సు 500, అడ్వాన్సు 36,000. కరెంటుకు వేరే మీటరు. బోరు నీళ్ళు, మున్సిపల్ కొళాయి రెండూ ఉన్నాయి. బైకులకు చోటుంది, కారుకు లేదు. కుటుంబానికి మాత్రమే. డిసెంబరు 1 నుంచి ఖాళీ. ఓనరుతో కొత్త అగ్రిమెంటు, పదకొండు నెలలకు. చూడ్డానికి సాయంత్రం 6 తర్వాత, ఆదివారం ఎప్పుడైనా."

మీరు వారానికి రెండు రోజులు మాత్రమే చూపించగలిగితే ఆ రోజుల్లోనే అందర్నీ రమ్మనండి. సామాను సర్దకముందే ఫోటోలు తీయండి. అట్టపెట్టెలు పేర్చిన గది ఎంత పెద్దదైనా ఇరుకుగానే కనిపిస్తుంది.

నచ్చినవాళ్ళు టోకెన్ ఇస్తామంటే మీ ఖాతాలో వేయించుకోకండి, ఓనరు ఖాతాలో వేయించండి. మీరు తీసుకుని, రేపు ఓనరు కాదంటే జవాబు చెప్పాల్సింది మీరే. టోకెన్ ఇచ్చి వెనక్కి తగ్గేవాళ్ళూ ఉంటారు, కాబట్టి కొత్త అగ్రిమెంటు మీద సంతకం పడేదాకా రెండో మనిషి నంబరు పారేయొద్దు. గుర్తింపు కోసం ఆధార్ అడిగితే మాస్క్ చేసిన కాపీ చాలు, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. పోలీసు వెరిఫికేషను ఓనరు చూసుకోవాల్సిన పని.

మీరు ఎవరన్నదాన్ని బట్టి

*బదిలీ మీద వెళ్ళే కుటుంబం:* మూడో దారి, దానికి ఆసరాగా రెండోది. పిల్లల పరీక్షలయ్యేదాకా భార్యాపిల్లలు ఇక్కడే ఉండేటట్టయితే వెతుకులాట మార్చిలోనే మొదలుపెట్టి జూన్ మొదటి వారానికి ఖాళీ చేయడం తేలిక. మీరు ఇంటి బాడుగ అలవెన్సు చూపించుకుంటూ ఏడాది బాడుగ లక్ష దాటితే, వెళ్ళేలోపే రసీదులు, ఓనరు పాన్ నంబరు తీసుకోండి. తర్వాత ఫోన్లో అడిగితే దొరకదు.

*కలిసి ఉండే బ్యాచిలర్లు, విద్యార్థులు:* ఇక్కడ ఖాళీ అయ్యేది ఇల్లు కాదు, ఒక మంచం. అగ్రిమెంటు స్నేహితుడి పేరు మీద ఉంటే మీ వాటా అడ్వాన్సు కొత్తవాడి దగ్గర నేరుగా తీసుకోవడం మామూలే. ఎంత ఇచ్చాడో, ఏ తేదీ నుంచో ఆ ఇంటి గ్రూపులో రాసి పెట్టించండి. మోటారు, వైఫై, గ్యాసు బాకీలు అప్పుడే తేల్చుకోండి. అదే అగ్రిమెంటు మీ పేరు మీద ఉంటే సంగతి వేరు. మీరు వెళ్ళిపోయాక మిగతా ముగ్గురు ఏం చేసినా ఓనరు ఫోన్ మీకే వస్తుంది. ఉండిపోయేవాళ్ళలో ఒకరి పేరు మీద కొత్త కాగితం రాయించే దాకా మీ వాటా డబ్బు వచ్చినా పని అయిపోయినట్టు కాదు.

*లీజు ఇల్లు, అంటే భోగ్యం:* చిత్తూరు, తిరుపతి వైపు ఇది బాగా ఉంది. నాలుగైదు లక్షలు ఒకేసారి ఇచ్చి, నెల బాడుగ లేకుండా రెండు మూడేళ్ళు ఉండటం. ఇందులో పై పట్టిక తలకిందులవుతుంది. ఆ డబ్బు ఓనరు ఇంటికో పెళ్ళికో అప్పుకో వాడేసి ఉంటారు. గడువు తీరినా కొత్తవాళ్ళు వచ్చి డబ్బిస్తే తప్ప మీకు ఇవ్వలేని ఓనర్లే ఎక్కువ, మధ్యలో అయితే చెప్పనక్కర్లేదు. కాబట్టి భోగ్యంలో బదులు మనిషిని చూడటం ఒక వెసులుబాటు కాదు, దాదాపు ఒకే దారి. కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి.

డబ్బు చేతులు మారే వరస ఇక్కడ ప్రాణం. కొత్తవాళ్ళు మీకు నేరుగా ఇవ్వడం తేలిక అనిపిస్తుంది, కానీ అప్పుడు ఓనరుకు డబ్బిచ్చినట్టు వాళ్ళ దగ్గర రుజువు ఉండదు, ఓనరు మీకు తీర్చినట్టు కాగితమూ ఉండదు. ముగ్గురూ ఒకే రోజు, బ్యాంకు పనిదినాన కూర్చోండి. కొత్తవాళ్ళ నుంచి ఓనరు ఖాతాకు ఆర్టీజీఎస్ (పెద్ద మొత్తాలను వెంటనే పంపే బ్యాంకు బదిలీ), అది పడిన అరగంటలో ఓనరు ఖాతా నుంచి మీకు ఆర్టీజీఎస్. రెండు లక్షలు, ఆపైన దేనికైనా ఇది కుదురుతుంది. రెండోది మీ ఖాతాలో పడ్డాకే తాళాలు. ఓనరు ఖాతాలో లోను ఈఎంఐ బాకీ ఉంటే వచ్చిన డబ్బును బ్యాంకు అటు పట్టుకునే ప్రమాదం ఉంది, అందుకే ఏ ఖాతాలో వేయిస్తున్నారో ముందే అడగండి. నగదు మాట ఎత్తితే వద్దనండి. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. కొత్తవాళ్ళు ఇంటి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అడుగుతారు. బ్యాంకులో తాకట్టు ఉందేమో చూసుకోవడం వాళ్ళ హక్కు. ఓనరు చేత ముందే తీయించి పెడితే వారం కలిసొస్తుంది.

కొత్తవాళ్ళు మీరిచ్చిన ఐదు లక్షలకు బదులు నాలుగున్నరే ఇస్తామంటే? మిగతా యాభై వేలు ఓనరు సర్దాలి. "తర్వాత ఇస్తా" అంటే ప్రామిసరీ నోటు రాయించుకుని వెళ్ళండి, నోటిమాట మీద వెళ్ళకండి.

*చిత్తూరు టౌనులో ఉన్నవాళ్ళు:* తిరుపతి కంటే ఇళ్ళు నిదానంగా పోతాయి, ఒక నెల అదనంగా వేసుకోండి. మురకంబట్టు వైపు మెడికల్ కాలేజీ వల్ల డిమాండు ఉంది. గ్రీమ్స్‌పేట, కట్టమంచి, కొంగారెడ్డిపల్లెల్లో తెలిసినవాళ్ళ మాటే ఎక్కువ పనిచేస్తుంది. ఆన్‌లైన్ ప్రకటన కంటే వీధి చివర కిరాణా అంగడిలో చెప్పి ఉంచడం మేలు.

అప్పగింత రోజు

కొత్తవాళ్ళు దిగే ముందు ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ముగ్గురూ కలిసి తిరగండి. వాష్‌బేసిన్ పగులు, తలుపు గొళ్ళెం, గోడ తేమ, మేకుల గుంతలు, గీజరు పనిచేస్తుందా, ఒక్కొక్కటీ వీడియో తీయండి. మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదలకు బాడుగదారు బాధ్యుడు కాడు. మీరు పగలగొట్టినదానికి బాధ్యులే. పెయింటింగుకు ఒక నెల బాడుగ పట్టుకునే షరతు ఉంటే, ఆయన నిజంగా పెయింటు వేయిస్తున్నారో లేదో కొత్తవాళ్ళ ముందే అడగండి. వేయించనప్పుడు మొత్తం పట్టుకోవడం సబబు కాదని అక్కడే మాట్లాడుకోవచ్చు.

మీటరు రీడింగు ఫోటో తీయండి. ఇద్దరి వాడకమూ ఒకే బిల్లులో పడితే యూనిట్లు కలిసిపోయి పై శ్లాబులోకి పోతాయి. వీలైతే రీడింగు తీసిన మర్నాడే మారండి, లేకపోతే యూనిట్ల లెక్కన పంచుకోండి. పాత నెలల వాడకం మీద వచ్చే ట్రూ అప్ ఛార్జీలు మీరు వెళ్ళాక కొత్తవాళ్ళ బిల్లులో పడొచ్చు. దాని గురించి ఒక మాట అనుకుని ఉంచితే తర్వాత ఫోన్లు ఉండవు.

రద్దు కాగితం పెద్దదేమీ కాదు. మీ అగ్రిమెంటు వెనకవైపే రాయవచ్చు, విడిగా తెల్లకాగితం మీద రెండు ప్రతులు రాసినా సరే. ఇద్దరు సాక్షులు ఉంటే మంచిది:

"____ నంబరు ఇంటికి ____ తేదీన మేము రాసుకున్న బాడుగ అగ్రిమెంటును ఇద్దరి ఇష్టప్రకారం ____ తేదీతో రద్దు చేసుకున్నాము. ఆ తేదీ వరకు బాడుగ, కరెంటు, మెయింటెనెన్సు బాకీలు లేవు. ఇల్లు, ____ తాళంచెవులు ఓనరుకు అప్పగించడమైనది. అడ్వాన్సు రూ. ____లో పెయింటింగు కింద రూ. ____ పోను మిగిలిన రూ. ____ బ్యాంకు ద్వారా ముట్టినది. ఇకమీదట ఈ ఇంటి విషయంలో ఒకరికొకరు ఇవ్వవలసినది ఏమీ లేదు."

"ముట్టినది" అన్న వాక్యం కింద డబ్బు నిజంగా ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి. ఓనరు వేరే ఊళ్ళో ఉంటే ఈ కాగితం మీద సంతకం చేసి స్కాన్ పంపమనండి, అసలు ప్రతి పోస్టులో తెప్పించుకోండి. ఆయన తరఫున తమ్ముడో మేనేజరో వస్తే, వారికి తాళాలు అప్పగించమని ఓనరు నుంచి ఒక మెసేజీ తీసుకుని ఆ తర్వాతే ఇవ్వండి.